కియరన్ బల్లి

రేగడి నేల బుద్ధే అంత. ఎండకి నోరు తెరుస్తుంది, వానకి మూస్తుంది. ఆ తెరవడం మూయడంలోనే అడుగున ఉన్న రాక్షసబల్లుల ఎముకల్ని మెల్లగా పైకి తోస్తుంది. పశ్చిమ క్వీన్స్‌లాండ్‌లో గొర్రెల వెంట తిరిగేవాళ్లకి ఇదేం వింత కాదు. అలా గొర్రెలు తోలుతూనే కియరన్‌కి ఒక తొడ ఎముక కనబడింది. మోసుకొచ్చి వంటింటి బల్ల మీద పెట్టి తల్లి లోర్నా చేత చీవాట్లు తిన్నాడు. ఆ చలికాలమే మోటారు బండి తిరగబడి పోయాడు. ఇరవై ఇంకా నిండనేలేదు. ఏం చేస్తాం, కొన్నిటికి సమాధానం ఉండదు.

అక్క బ్రాన్‌విన్‌ది ఆ ఎముకల చదువే. తనే దగ్గరుండి తవ్విస్తే నడుమూ, కాళ్లూ, మెడలో కొంతా దొరికాయి. పొడుగు మెడల కుటుంబానిదే గానీ మరీ పొట్టిది. కొత్త జాతే అన్నారందరూ. కొత్త జాతిని మొదట వర్ణించినవాళ్లే పేరు పెడతారు గనక తమ్ముడి పేరు పెడతానంది. ఇంకేముంది, తండ్రి డెస్ ఊరంతా టాంటాం వేశాడు. కొడుకు పోయాక ఆ మనిషి మళ్లీ గడ్డం గీసుకున్నది ఆ మాట విన్నాకే.

అలాంటి మనిషి దగ్గరికి ఇవాళ ఈ కబురు పట్టుకుని రావలసి వచ్చింది. బ్రాన్‌విన్ ఆ తొడ ఎముకలోంచి పల్చటి ముక్క కోసి సూక్ష్మదర్శినిలో చూసింది. ఎదుగుదల ఆగిన ఎముకకి అంచున గీతలు ఒత్తుగా ఉంటాయి. దీనికి ఒక్కటీ లేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కోసింది తనే, చూసింది తనే. దారి పొడవునా అదే అనుకుంటూ వచ్చింది పాపం.

భోజనాల దగ్గర ఇక ఆపుకోలేకపోయింది.

"నాన్నా, ఆ పేరు కుదరదు."

డెస్ మాంసం కోస్తున్న కత్తి ఆగింది. "ఎవడన్నాడు?"

"నేనే. అది కొత్త జాతి కాదు. మన పక్క ట్రాంటర్ వాళ్ల పొలంలో దొరికిన పెద్దదాని జాతే ఇదీ. దానికి ఎప్పుడో ఆయన పేరే పెట్టేశారు. ముందు పెట్టిన పేరే నిలుస్తుంది."

"కంచె జరుపుకుంటూ వచ్చిన ఆ దొంగ సచ్చినోడి పేరా నా కొడుకు బల్లికి? కళ్లేమైనా పోయాయా నీకు? అదేమో ఇల్లంత, ఇదేమో గుర్రమంత! దీన్ని వంశవృక్షంలో ఎక్కడో పాతవాటి పక్కన పెట్టానని నువ్వే అన్నావుగా?"

"అక్కడే బోల్తా పడ్డా. పిల్లల ఎముకల్లో పూర్వీకుల పోలికలు ఎక్కువుంటాయి. పెరిగేకొద్దీ పోతాయి. పిల్లని పట్టుకుని పాతకాలపు జాతి అనుకున్నా నాన్నా."

"అది నీకు తప్ప ఎవరికి తెలుసు? మింగెయ్. వాడికి ఇంకేం మిగిలిందే తల్లీ?"

బ్రాన్‌విన్‌కి ఏడుపు ఆగలేదు. "నాకూ మింగెయ్యాలనే ఉంది. కానీ రేపు ఇంకొకరు కోసి చూస్తారు. వాడి పేరు కొట్టేసి, పక్కన తప్పని రాస్తారు. అది నేను చూడలేను."

లోర్నా కంచం పక్కకి జరిపి అడిగింది. "పిల్లంటున్నావు. ఎంత పిల్ల?"

"ఏళ్లు చెప్పలేనమ్మా. ఇంకా ఎదుగుతూనే ఉంది. ఆగిన గుర్తే లేదు."

"బతికుంటే?"

"ట్రాంటర్ వాళ్ల దానంత అయ్యేది."

లోర్నా రెండు చేతులతో మొహం కప్పుకుంది. డెస్ కత్తి పక్కన పెట్టి, కూతురి ముందే వలవలా ఏడ్చాడు. కొడుకుని పాతిపెట్టిన రోజున కూడా ఆ మనిషి ఇలా ఏడవలేదు. చాలాసేపటికి చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

"పొట్టిదని మాత్రం రాయకు," అన్నాడు. "పబ్బులో ఇన్నాళ్లూ నేనే పొట్టిది, పొట్టిది అని నవ్వించా. పొట్టిది కాదది. ఎదగనివ్వలేదు, అంతే. అలాగే రాయి."