అడిగి మరీ తిట్టించుకోవడం

నా పరిశోధన తిట్ల మీద. నవ్వకండి, మా గైడు కూడా ముందు నవ్వి, తర్వాతే సంతకం పెట్టారు. ఇంట్లో పెద్దవాళ్లు కోపంలో మాట ఎలా కడతారు, ఎక్కడ గొంతు లేపుతారు, ఎక్కడ దించుతారు, ఇదీ నా విషయం. ఇందులో మా అమ్మమ్మను మించినవాళ్లు లేరు. ఆవిడ పాలవాణ్ణి తిడితే మర్నాడు పాలు చిక్కగా వచ్చేవి. కుళాయి బాగుచేసేవాడైతే ఆవిడ నోటికి భయపడి, చెప్పిన రోజునే వచ్చేవాడు.

వేసవంతా ఫోన్లో రికార్డరు నొక్కి, వంటింటి అలమరలో పప్పు డబ్బా వెనక పెట్టాను. ముందే చెబితే ఆవిడ బిగుసుకుపోయి మర్యాదగా మాట్లాడుతుందని నా భయం. ఆ మర్యాద నేనేం చేసుకోను?

మనుషుల మీద చేసే ఏ పరిశోధనకైనా మా యూనివర్సిటీలో నైతిక సమీక్ష కమిటీ అనుమతి కావాలి. పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్న ఆ పెద్దలు నా కాగితాలన్నీ తిరగేసి, చివరికి ఒక్కటే అడిగారు.

"మీ అమ్మమ్మగారికి తెలుసా?" అన్నారు అధ్యక్షురాలు.

"మా సొంత అమ్మమ్మేనండీ!"

"అయితే అడగడం ఇంకా సులువు కదమ్మా. ఆవిడ ఒప్పుకుంటే వాడుకో. వద్దంటే మొత్తం చెరిపెయ్యాలి."

చెరపడమట! నా థీసిస్ సగం అందులోనే ఉంది. గోరంతను కొండంత చేయడం వీళ్ల దగ్గరే నేర్చుకోవాలని పళ్లు నూరుకుంటూ ఇంటికొచ్చాను. భయం మాత్రం లేదు. నేనడిగితే అమ్మమ్మ ఏనాడైనా కాదందా?

ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పప్పు డబ్బా సంగతి చెప్పేసరికి కళ్లద్దాల పైనుంచి ఒక చూపు చూసింది. కమిటీ ఇచ్చిన కాగితం పైకి చదివాను. 'ఇష్టం లేకపోతే కారణం చెప్పకుండా వద్దనవచ్చు' అన్నచోట చెయ్యెత్తి ఆపింది.

"అది మళ్లీ చదువు."

చదివాను.

"కారణం చెప్పక్కర్లేదూ?"

"అక్కర్లేదు."

"అయితే వద్దు."

"అదేంటమ్మమ్మా! నా చదువేమైపోవాలి? నామీద కోపమొచ్చిందా?"

"కోపమూ లేదు, పాడూ లేదు. పెళ్లికి నన్నెవరూ అడగలేదు. ఇల్లు అమ్మినప్పుడూ అడగలేదు. కంటికి ఆపరేషనని బల్ల మీద పడుకోబెట్టాక చెప్పాడు మీ మావయ్య. ఇన్నేళ్లకి ఇష్టమేనా అని ఒకరు అడిగారు. వద్దంటే ఎలా ఉంటుందో చూద్దామనిపించిందే."

"ఎలా ఉంది?"

"హాయిగా ఉంది."

నాకు ఏడుపొచ్చింది. బతిమాలదామని నోరు తెరిచాను కూడా. అప్పుడు చూశాను, ఆవిడ చేతులు ఆగిపోయి ఉన్నాయి. నేనేం చేస్తానా అని కనిపెడుతోంది. కాళ్లావేళ్లా పడి అవుననిపించుకుంటే ఇక ఆ వద్దుకు విలువేముంది? ఫోను తీసి, ఆవిడ ఎదురుగానే ఒక్కొక్కటీ చెరిపేశాను. వేసవంతా చేసిన పని పోయింది.

"అన్నీనా?" అంది.

"అన్నీ."

"పక్కింటావిడ మన నిచ్చెన విరగ్గొట్టి తెచ్చిన రోజున తిట్టానే, అది కూడానా?"

"అది కూడా."

చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిగింది. "ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అంత బాగా కుదిరిన తిట్టు మళ్లీ నా నోట వస్తుందా? నిలువెత్తు మనిషిని ఎదురుగా ఉంటే పప్పు డబ్బాకి చెప్పుకుంటావా? ఒక్క మాట ముందే అడిగి చావొచ్చుగా!"

గొంతు లేస్తోంది. నా చెయ్యి అలవాటుగా ఫోను మీదికి పోయింది. ఆపుకున్నాను.

"అమ్మమ్మా, ఒక్క క్షణం. ఇది రికార్డు చేసుకోవచ్చా?"

ఆవిడ ఆగింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. తొందరేమీ లేనట్టు తీరిగ్గా ఆలోచించింది.

"ఊఁ, నొక్కు," అంది. "మొదటినుంచీ తిడతాను."