ఒక్క సాలు

ఖాళీ పొలానికి నీళ్లు పెట్టి మరీ కలుపు పెంచే ఇల్లు ఏదని అడిగితే ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపించే రోజులు వచ్చాయి. ఆ మాటకి అందరికంటే ఎక్కువ నలిగిపోయింది ఇంటి పెద్దాయన. నలగడా మరి? దుక్కి దున్నడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆయన తోలిన సాలు పక్కన దారం పట్టి చూసినా వంకర దొరకదు. అలాంటి మనిషి, నాగలి ముట్టుకోనని కోడలికి మాట ఇచ్చి కూర్చున్నాడు.

దీనికంతటికీ కారణం ఒక గడ్డి. ఒకప్పుడు మందు కొడితే రెండు మూడు రోజుల్లో మాడిపోయేది. ఏటా అదే మందు కొట్టగా కొట్టగా చావాల్సినవి చచ్చాయి, చావనివి మిగిలి విత్తనం రాల్చాయి. ఇప్పుడు పొలం నిండా వాటి సంతానమే. మోతాదు పెంచి కొట్టినా ఆకు చివర కాస్త పసుపెక్కి, వారం తిరిగేసరికి మళ్లీ నిగనిగలాడుతుంది. పెద్దాయన భార్య దానికి ఇల్లరికపు అల్లుడని పేరు పెట్టింది. ఎంత అన్నా చీమ కుట్టినట్టు కూడా ఉండదు, ఇల్లు వదిలి పోదు అని ఆవిడ వివరణ. పోయినేడు మొక్కజొన్న ఆ గడ్డిలో ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. పొలం చూసుకునేది పెద్దాయన, కోడలు. చలి తగ్గుముఖం పట్టిన ఒక సాయంత్రం, మందు ఏది తేవాలా అని ఆయన తల పట్టుకుని ఉంటే, కోడలు నీళ్ల గ్లాసు ముందు పెట్టి అసలు సంగతి చెప్పింది.

"మావయ్యా, ఈ ఒక్కసారికి రోడ్డు పక్క పొలం నాకు వదిలెయ్యండి. విత్తే ముందే ఆ గడ్డిని మనమే మొలిపించి చంపేద్దాం. పైనున్న విత్తనం అలా అయిపోతుంది. అడుగునున్నదాన్ని మాత్రం లేపకూడదు. అందుకని మీరు నాగలి దించకండి."

కోడలి అన్నయ్య తన పొలంలో అలా చేసి గెలిచాడట. పెద్దాయన భార్య వైపు చూశాడు. ఆవిడ పైకప్పు వైపు చూసింది. సరే, విత్తే దాకా ముట్టుకోనన్నాడు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల పొలం గురించి నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు. ఈ పని చెడితే పంట పోవడమే కాదు, ఇక ఆ నోరు మళ్లీ తెరుచుకోదు. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

కోడలు ఖాళీ నేలకి తడి పెట్టింది. గడ్డి ఎగబడి మొలిచింది. పక్క పొలం రైతుని అందరూ రేడియో అంటారు, ఆయన చెవిన పడిన కబురు సాయంత్రానికి అందరి చెవినా పడుతుంది కాబట్టి. ఆ రేడియో గట్టు మీద నిలబడి, పైరు ఏపుగా ఉంది, కోత ఎప్పుడు పెట్టుకున్నారని అడిగి వెళ్లాడు. కోడలు నవ్వి మళ్లీ పనిలో పడింది. గడ్డి ఇంకా లేతగా ఉండగానే ఎండ చూసుకుని ఎద్దులతో గుంటక తోలింది, నేల పైపొరని మాత్రమే గీకుతూ. వేళ్లు తెగిన మొలకలు సాయంత్రానికి వడలిపోయాయి. మళ్లీ తడి పెట్టింది. ఈసారి పలచగా మొలిచింది. మళ్లీ గుంటక తిరిగింది.

పెద్దాయనకి మాత్రం చేతులు దురద. ఇంటి వెనక టమాటా మడిని తవ్విందే తవ్వాడు. ఇంకో రోజు తవ్వితే వంటింటి గోడ మన మీద పడుతుందని భార్య పార లాక్కుని దాచేసింది.

విత్తనాలు తేవడానికి కోడలు టౌనుకి వెళ్లిన రోజు ఆయన షెడ్డులోకి నడిచాడు. ఇన్నాళ్లు కదలని ట్రాక్టరు స్టార్టు అవుతుందో లేదో చూద్దామని, అంతే. అయింది. అయింది కదా అని గేటు దాకా తెచ్చాడు. గేటు తీసే ఉంది కదా అని రోడ్డెక్కాడు. రోడ్డెక్కాక పొలం ఎదురుగానే ఉంటే ఆయనేం చేస్తాడు? వెనక నాగలి పోయినేటి దుక్కి నాటి నుంచీ తగిలించే ఉంది.

దించాడు. నేల పైతడి ఆరి బాగా పదును మీద ఉంది. కమ్మటి వాసనతో మట్టి తిరగబడుతుంటే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లాక వెనక్కి తిరిగి చూశాడు. బూడిదరంగు నేల మీద నల్లగా ఒక్క గీత. ఇచ్చిన మాట పోయింది. దాంతోపాటు ఏళ్ల తరబడి అడుగున నిద్రపోతున్న విత్తనం కూడా పైకి లేచింది. గబగబా నాగలి ఎత్తి, కాళ్లతో చేతులతో మట్టి సర్ది, పైన పొడి మన్ను చల్లి ఇంటికొచ్చాడు. ఒళ్లంతా ఆ మట్టి ఏమిటని భార్య అడిగితే టమాటా మడి అన్నాడు. ఆవిడ తాను దాచిన పారని ఒకసారి చూసి, నీళ్లు తోడింది.

కోడలు మొక్కజొన్న విత్తింది. పైరు లేచింది. వరసకీ వరసకీ మధ్య నేల ఊడ్చినట్టుంది. ఇల్లరికపు అల్లుడు అక్కడొకటి ఇక్కడొకటి తప్ప కనబడలేదు. ఒక్క చోట తప్ప. ఈ చివర నుంచి ఆ చివరికి, గీత గీసినట్టు, ఒత్తుగా పచ్చగా ఒకే ఒక పట్టీ. పెద్దాయన దాన్ని చూసి గట్టు మీదే ఆగిపోయాడు. కోడలూ చూసింది. చూసి, పక్క వరసలో కలుపు ఏరుకుంటూ వెళ్లిపోయింది. అదే ఆయనకి ఎక్కువ బాధయింది.

కబురు రేడియో ద్వారా పాకింది. ఒక ఉదయం అతను నలుగుర్ని వెంటేసుకుని వచ్చాడు. అందరూ శుభ్రంగా ఉన్న నేలని చూశారు, చివరికి అందరి చూపూ ఆ పట్టీ మీదే ఆగింది. ఇదేమిటని రేడియో అడగనే అడిగాడు. పెద్దాయన తల వంచుకున్నాడు.

"అది మా మావయ్యగారు కావాలని దున్నింది" అంది కోడలు. "నాగలి వేస్తే ఎలా ఉంటుంది, వెయ్యకపోతే ఎలా ఉంటుంది, పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఎవరూ నమ్మరని."

వచ్చినవాళ్లు ఔరా అనుకున్నారు. ఈ వయసులో కూడా ఎంత ఆలోచన అని రేడియో పెద్దాయన భుజం తట్టాడు. పెద్దాయనకి భూమిలోకి కూరుకుపోయినట్టూ ఉంది, గాల్లో తేలినట్టూ ఉంది.

వాళ్లు వెళ్లాక ఆయన ఆ పట్టీ మొదట్లో కూర్చుని, గడ్డి విత్తనం కట్టకముందే చేత్తో పీకడం మొదలుపెట్టాడు. కాసేపటికి కోడలు వచ్చి ఎదురుగా కూర్చుని తనూ పీకసాగింది.

"ఎప్పుడు తెలిసిందమ్మా?"

"మొలిచిన రోజే. ఇంత తిన్నటి సాలు ఇక్కడ ఇంకెవరు తోలతారు మావయ్యా?"

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. కళ్లు కూడా తడిశాయి, తుడుచుకుంటే ముఖానికి మట్టి అంటుకుంది. తప్పు తనదేనన్నాడు. వచ్చే ఏడు మిగతా పొలం కూడా ఆవిడ చెప్పినట్టే చేద్దామన్నాడు. చేతిలో ఉన్న గడ్డిని గట్టు మీదికి విసిరి, కాస్త సిగ్గుపడుతూనే చెప్పాడు.

"ఆ నాగలి మాత్రం నాకు కనబడకుండా ఎక్కడైనా దాచెయ్యమ్మా."

"దాచడం ఎందుకు?" అంది కోడలు, పీకుతున్న చెయ్యి ఆపకుండా. "ఏటా మీకు ఒక్క సాలు వదులుతాను. పీకేటప్పుడు నేనూ వస్తాను."