మౌనం బడిలో రెండు మాటలు

అమెరికాలో, మోరిస్‌విల్‌లో, మౌనంగా ప్రార్థించే క్వేకర్లనే క్రైస్తవుల బడి ఒకటుంది. అక్కడి పిల్లలు పొద్దున్నే గుండ్రంగా కూర్చుని కాసేపు నోరు మూసుకుంటారు. పాట లేదు, ప్రసంగం లేదు, పాస్టరు లేడు. లోపలినుంచి మాట వచ్చినవాళ్ళు లేచి చెబుతారు, రానివాళ్ళు ఊరుకుంటారు. నాలుగేళ్ళ నా మనవరాలు అనికను అక్కడ చేర్చాలని మా అమ్మాయి జోసఫిన్ పట్టుదల.

పట్టుదలేమిటి, గత్యంతరం లేదు. సోమవారం తను కొత్త ఉద్యోగంలో చేరాలి. మిగతా బడులు ఖాళీ లేదన్నాయి. ఇన్నాళ్ళూ పిల్లని చూసుకున్న నేను శనివారం ఇండియా విమానం ఎక్కాలి. ఇక్కడ ఒక్క సీటు మిగిలింది. ముందు ఇంటిల్లిపాదీ వచ్చి ఆ మౌనంలో కూర్చోండి, తరవాత చెబుతామన్నారు.

“నాన్నా, ప్లీజ్. అక్కడ నీ కథలొద్దు,” అంది జోసఫిన్ డ్రైవ్ చేస్తూ.

“నేనేం కథలు చెప్పానే?”

“పులస చేప రాజమండ్రి స్టేషన్లో టికెట్ కొని రైలెక్కిందని నిన్న దీనికి చెప్పలేదూ?”

“అబద్ధాలాడకమ్మాయ్. టికెట్ లేకుండానే ఎక్కింది.”

వెనక సీట్లోంచి అనిక అరిచింది. “తాతయ్యా, మరి ఫిష్‌ని పోలీస్ పట్టుకున్నాడా?”

జోసఫిన్ నవ్వలేదు. “ఈ జాబ్ కోసం రెండేళ్ళు ఆగాను నాన్నా. సీట్ రాకపోతే వాళ్ళకి నో చెప్పాలి. ఇంక నన్నెవరూ పిలవరు.”

పులసను అక్కడే దించేసి నోరు మూసుకున్నాను.

బడిలో మార్గరెట్ అనే తెల్లజుట్టు టీచరమ్మ పిల్లల్ని తివాచీ మీద కూర్చోబెట్టి, మాకు కుర్చీలు చూపించింది. తనూ కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అంతే, గది నోరు పడిపోయింది.

మా ఊరి చర్చిలో ఏకాంత ప్రార్థన అంటే అందరూ ఒక్కసారి గట్టిగా ప్రార్థించడమే. నిజంగా నిశ్శబ్దమైతే మైకు పోయిందనుకుని జనరేటరు దగ్గరికి పరిగెడతారు. ఇక్కడి నిశ్శబ్దంలో నా మోకాలు టక్కుమంటే పక్క కౌంటీలో కుక్కలు మొరిగాయి.

అనిక కాలు ఊపింది, ఆపింది. గౌను అంచు నమిలింది. జోసఫిన్ చూపులతోనే దాన్ని కట్టిపడేసింది. ఇంతలో నా గొంతులో ఏదో అడ్డం పడింది. ఎంత ఆపుకున్నా ఆగక చిన్నగా సవరించుకున్నాను.

అనిక నావైపు తిరిగింది. ఇక్కడ వాళ్ళు వెళ్ళే తెలుగు చర్చిలో పెద్దవాళ్ళు గొంతు సవరించుకున్నారంటే ఒకటే అర్థం, మాట్లాడాలనుందని. పిల్ల లేచి నిలబడింది. జోసఫిన్ చెయ్యి చాచింది గాని అందలేదు.

“ఇప్పుడు మా తాతయ్య దైవాశీర్వాదంగారు వచ్చి రెండు మాట్లు చెప్తారు,” అని ఆ చర్చి సెక్రటరీ షాలేం రాజు ఫణితిలో, అమెరికా యాసలో ప్రకటించి కూర్చుంది.

తలలన్నీ నావైపు తిరిగాయి. మాలో రెండు మాటలంటే వండిన బిర్యానీ చల్లారేదాకా. జోసఫిన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. లేవకపోతే పిల్ల పరువు పోతుంది. లేస్తే సీటు పోతుందేమో!

లేచాను. “ఇది వాగుడుకాయ. నా పోలికే. దీన్ని వద్దనకండి,” అని తెలుగులోనే చెప్పి కూర్చున్నాను.

ఒక్కరూ ఆమెన్ అనలేదు. మా ఊళ్ళో తుమ్మినా స్తోత్రం అంటారు. ఇక్కడ ఎవరూ కదల్లేదు. మళ్ళీ అదే నిశ్శబ్దం, ఈసారి మరింత బరువుగా. కథ ముగిసిందనుకున్నాను.

చాలాసేపటికి మార్గరెట్ లేచి పక్క పిల్లాడికి చెయ్యి ఇచ్చింది. అందరూ ఒకరికొకరు చేతులు కలిపారు. జోసఫిన్ నా చెవిలో, “అయిపోయింది నాన్నా. షేక్‌హ్యాండ్ ఇచ్చి పంపించేస్తున్నారు,” అంది. కళ్ళు నిండిపోయాయి.

మార్గరెట్ మా దగ్గరికొచ్చి, నేనేం చెప్పానని అడిగింది. జోసఫిన్ పిల్ల ప్రకటనతో సహా ఒక్క ముక్క దాచకుండా ఇంగ్లీషులో చెప్పేసింది. ఆవిడ అనికవైపు చూసి ఏదో అంది. జోసఫిన్ బొమ్మలా నిలబడిపోయింది.

“ఏమందే?”

“చేతులు కలిపితే మీటింగ్ అయిపోయినట్టట, అంతే. మాట్లాడకపోవడం ఎవరైనా నేర్చుకుంటారట. నీకు మాట్లాడాలనుందని ఇది కనిపెట్టింది చూడూ, అది నేర్పడమే కష్టమట. మండే తీసుకురమ్మంది.”

నాకు మాట్లాడాలని లేదు, గొంతులో కఫం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

జోసఫిన్ ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు.

“ఆవిడ చెయ్యి ఆవిడకి ఇచ్చెయ్యవే,” అన్నాను. “సోమవారం పిల్లని పట్టుకోవద్దూ?”