గ్లోరక్క కీ

దేవరకొండ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివేవాళ్లకు పరీక్ష జవాబుల కీలు రెండుండేవి. ఒకటి సర్కారు వాళ్లు తీరిగ్గా విడుదల చేసేది. రెండోది గ్లోరీ చెప్పేది. గ్లోరీది పరీక్ష అయిన సాయంత్రానికే వచ్చేసేది కాబట్టి అందరూ దాన్నే నమ్మేవాళ్లు.

బీటెక్ చదివి ఊరికి తిరిగొచ్చిన గ్లోరీకి అంతకుముందో పరీక్షలో ఒక్క మార్కులో ఉద్యోగం తప్పిపోయింది. ఇంకెక్కడైనా దాన్ని ఫెయిలవడం అంటారు. లైబ్రరీలో మాత్రం అది పెద్ద హోదా. అప్పట్నుంచి ఫ్యాను కింది కుర్చీ ఆమెది, ఆఖరి మాట ఆమెది.

ఆ ఆదివారం నల్లగొండలో గ్రూప్-టూ మొదటి రెండు పేపర్లు రాసి లైబ్రరీవాళ్లు ముగ్గురు దేవరకొండ బస్సెక్కారు. మిగతా రెండు పేపర్లు మర్నాడు. ఆడవాళ్లకు ఉచితంగా జీరో టికెట్ కావడంతో బస్సులో కాలు పెట్టే జాగా లేదు. గ్లోరీ, పక్కన కౌసర్, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి కూర్చున్న ఎల్లేష్. ముగ్గురి ఒళ్లోనూ ప్రశ్నపత్రాలు.

నిజానికి ఆ రోజు పేపర్లు గ్లోరీని ఉతికి ఆరేశాయి. తెలియని ప్రశ్న తగిలినప్పుడల్లా, ఈ మధ్య సి రాలేదు గదా అని సి దిద్దుకుంటూ పోయింది. పరీక్ష హాల్లో అలాంటివి అందరూ చేస్తారు. బస్సెక్కాక ఒప్పుకోవడమే కష్టం.

"గ్లోరక్కా, గా పులులదానికి ఏం పెట్టినవ్?" కౌసర్ అడిగింది. పగలంతా బట్టల దుకాణంలో నిలబడి, సాయంత్రం లైబ్రరీకొచ్చి చదివే పిల్ల. గ్లోరీ చెప్పింది రాసుకోవడానికి ఎప్పుడూ పెన్ను తీసి పెట్టుకునేది.

"అమ్రాబాద్ ఏయే జిల్లాలల్ల ఉన్నదనా? సి. నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్."

"నేను బి పెట్టిన. నాగర్‌కర్నూల్, నల్లగొండ."

"నల్లగొండల పులులేడియి పిల్లా? ఉన్న ఒక్క పులి గీ ఎల్లేషే."

"నన్నెందుకు గుంజుతరు నడ్మల," అన్నాడు ఎల్లేష్.

"కాదక్కా, మా మామోళ్ల చందంపేట తొవ్వల బోర్డుంటది, టైగర్ రిజర్వ్ అని."

"బోర్డులు చూసుకుంట గ్రూప్స్ రాస్తరా?"

చుట్టూ నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు. కౌసర్ తన జవాబు పక్కన ఇంటూ పెట్టుకుంది.

బస్సు దేవరకొండ చేరేలోపు అలాంటి ఇంటూలు ఆ కాగితాల నిండా పడ్డాయి. కౌసర్ రెండు పేపర్లూ కలిపి కూడింది. నూట ముప్పై ఎనిమిది. ఆ రెండింటికీ కలిపి సేఫ్ స్కోర్ నూట అరవై అని యూట్యూబ్‌లో సార్లు అప్పటికే తేల్చేశారు.

"మరి నీకెన్నొస్తయ్ అక్కా?"

గ్లోరీకి చిక్కొచ్చిపడింది. కీ తనదే కాబట్టి దాని ప్రకారం మూడొందలకు మూడొందలూ రావాలి. అది బాగుండదని, "డౌట్లు తీసేస్తె నూట తొంభై," అంది.

"డౌట్లు ఏవేవక్కా?"

కౌసర్ మామూలుగానే అడిగింది. అయినా గ్లోరీకి చెవులు వేడెక్కాయి. పులులది డౌటే. అంతకుముందు చెప్పిన బడ్జెట్‌దీ డౌటే. ఒక్కొక్కటే బయట పెడుతూ పోతే ఈ పిల్ల ఇంటూలు సగం కొట్టేసుకోవాల్సి వస్తుంది. ఎల్లేష్ కూడా చూస్తున్నాడు.

"అవి వేరేయిలే. నీయి తప్పువోయినయి కావు."

బస్టాండులో దిగాక కౌసర్ ఇంటివైపు వెళ్లకుండా నిలబడింది. "రేపు పరీక్షకు రావాల్నా అక్కా? పెండ్లిళ్ల గిరాకి ఉంది, రేపు దుకాణంకు రాకుంటె ఇగ ఎప్పటికి రాకు అన్నడు మా వహీద్ సేట్. ఆశ ఉంటె ఆయన్ని ఎట్లనో బతిలాడుకుంట."

ఒక పేపర్ రాయకపోయినా మనిషి లెక్కలోంచి పోయినట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నీ ఇష్టం," అంది గ్లోరీ. ఆ రెండు మాటల దగ్గర ఆగిపోయినా బాగుండేది. "నేనైతే పోకపోదును."

మర్నాడు పరీక్ష హాల్లో గ్లోరీకి రెండు వరసల ముందు ఒక బల్ల ఖాళీగా ఉంది. అది కౌసర్‌దో కాదో తెలియదు. గ్లోరీ మాత్రం తలెత్తినప్పుడల్లా దాన్నే చూసింది.

సర్కారు కీ చలికాలం వెళ్లిపోతుండగా వచ్చింది. బి. నాగర్‌కర్నూల్, నల్లగొండ. ఆ ఒక్కటే అయితే, దారిలో బోర్డు చూసి పెట్టిందిలే అని సరిపెట్టుకోవచ్చు. గ్లోరీ లెక్క వేసుకుంటే ఆ రెండు పేపర్లకు నూట యాభై తొమ్మిది వచ్చాయి. తర్వాత కౌసర్ నూట ముప్పై ఎనిమిదిలోంచి ఇద్దరివీ తప్పయినవి తీసేసి, ఇంటూ పెట్టుకున్నవాటిలో రైటని తేలినవి గుర్తున్నంతవరకు ఒక్కొక్కటే కలిపింది. నూట అరవై దాటాక ఇంక కూడలేదు.

మధ్యాహ్నం బట్టల దుకాణానికి వెళ్లింది. కౌసర్ ఒక మూలన బట్ట తాన్లు చుడుతోంది. ఆమె తల్లి లాడ్లీ బేగం అన్నం డబ్బా తెచ్చి, స్టూలు మీద కూర్చుని ఉంది. గ్లోరీని చూడగానే లేచి స్టూలు ఇచ్చింది.

"కూసో బేటా. ఆ దినం నువ్వు పరీక్షకు పోవద్దని మా పిల్లకు మంచిగ చెప్పినవ్. లేకుంటె పరీక్ష పాయె, ఈ దుకాణం నౌకరి గూడ పాయె. అందరు గట్ల చెప్తరా? అల్లా నిన్ను సల్లగ సూడాలె."

గ్లోరీ కూర్చోలేదు. వచ్చేటప్పుడు దారిపొడుగునా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఈ దీవెనకు సరిపోయేది కాదు.

"నేను మంచిగ చెప్పలేదమ్మీ," అంది. "కౌసర్, కీ వచ్చింది. పులులది నీదే రైటు. నేను కొట్టేపిచ్చినవి చానా రైటే ఉన్నయి. నాకంటె నీకే ఎక్కువొచ్చినయి."

కౌసర్ చేతిలోని బట్ట తాను చుట్టడం పూర్తిచేసి, అరలో పెట్టి, అంచు సరిచేసింది.

"బోర్డుందని చెప్పిన గదక్కా."

"చెప్పినవ్."

"డౌట్లు ఏవేవని గూడ అడిగిన."

దానికి జవాబు గ్లోరీకి ఆ రోజు బస్సులోనే తెలుసు.

"ఏమాయె బేటీ?" లాడ్లీ బేగం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏం లే అమ్మీ. అక్క లెక్క జర తప్పిందట." అంతలో సేట్ పిలిస్తే కౌసర్ కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఎవరికో జాకెట్ గుడ్డలు పరిచి చూపించడం మొదలుపెట్టింది. రంగు పోదా అని వాళ్లు అడుగుతుంటే, "ఎర్రది జర పోతదక్కా, పక్కా చెప్పలేను. నీలంది తీస్కో," అంటోంది.

లాడ్లీ బేగం డబ్బా మూత తీస్తూ అడిగింది. "మరి నీకొస్తదా బేటా ఉద్యోగం?"

"తెల్వదమ్మీ," అంది గ్లోరీ.

"నీకు తెల్వకపోవుడేంది," అని ఆమె నవ్వింది.

కౌంటర్ దగ్గర నుంచి కౌసర్ తలెత్తి చూసింది. ఆమె నవ్వలేదు.