జానెడు వదిలిన గీత

ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే ఐదున్నరకల్లా జోగమ్మ గ్రౌండ్‌లో ఉంటుంది. మేకులు, నులక తాడు, జల్లెడ, రెండు బస్తాల సున్నం పొడి. ముందు మేకులు దిగ్గొట్టి తాడు బిగిస్తుంది. తర్వాత సున్నం జల్లించి, అడుగున చిల్లులు పొడిచిన పాత నూనె డబ్బాలో పోసుకుని, నడుం వంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ గీత పోస్తుంది. విశాఖ మల్కాపురంలో గీతలు గీసే మిషన్లు దొరక్క కాదు. ఒకసారి క్లబ్బు వాళ్లు సరదాపడి చక్రాల మిషను కొన్నారు. దాంతో గీసిన రోజున ఇరవై రెండు మందీ ఇష్టమొచ్చినట్టు బొంకారు, రిఫరీ తల పట్టుకుని కూర్చున్నాడు. మర్నాడే మిషన్ని తుక్కు కింద అమ్మేసి జోగమ్మకి కబురు పెట్టారు.

జోగమ్మ ఎక్కడా తెగకుండా పోసిన గీత లోపల ఎవరూ అబద్ధం ఆడలేరు. అంతే సంగతి. వాళ్ల అత్త పోసినప్పుడూ అంతేనట. నోరు మూసుకుని నిలబడొచ్చు, దానికి అడ్డు లేదు. తెరిస్తే మాత్రం నిజమే వస్తుంది. బంతికి చెయ్యి తగిలినవాడు తనే చెయ్యెత్తేవాడు. పెనాల్టీ కోసం పడినట్టు నటిద్దామనుకున్నవాడికి మోకాళ్లు వంగేవి కావు, సణుక్కుంటూ నిలబడేవాడు. పై ఊళ్ల టీములు మొదట్లో తెల్లబోయినా, తర్వాత "మల్కాపురంలో అంతేలే బావా" అనుకుని బూట్లు కట్టుకునేవి.

దీనివల్ల మన డాక్ స్టార్స్ టీముకి ఒరిగిందేమిటి అంటే, బూడిద. ఇక్కడ నిజాలు చెప్పడం అలవాటైపోయి, పై ఊళ్లకెళ్లినా మనవాళ్లు చెయ్యెత్తేవారు. అవతలివాడు అడ్డంగా బొంకి పెనాల్టీ పట్టుకుపోయేవాడు. పదకొండేళ్లు రెండో డివిజన్‌లో అలా పడుతూ లేస్తూ ఉన్నారు.

ఊరికి మాత్రం ఆ గ్రౌండ్ పెద్ద ధైర్యం. పిల్లకి సంబంధం ఇష్టమో కాదో తెలియాలంటే సెంటర్ సర్కిల్లో నిలబెట్టి అడిగేవారు. స్థలం బేరమైనా, అన్నదమ్ముల తగువైనా గోల్‌పోస్టు దగ్గర తేలిపోయేది. రాతకోతలు ఎవరికి కావాలి? దాంతో మల్కాపురం వాళ్లకి ఒక జబ్బు పట్టుకుంది. ఒక మాట వింటే, అది ఎక్కడ అన్నాడు అని అడుగుతారు. ఎవడన్నాడు, ఎందుకన్నాడు అన్న ఆలోచనే రాదు. ఆ జబ్బే జాక్సన్ కొంప ముంచింది.

జాక్సన్ డాక్ స్టార్స్ గోల్‌కీపర్. ముప్ఫై ఒకటి నిండాయి. ఆరడుగుల మనిషి, చర్చిలో పాడితే కిటికీలు అదురుతాయి, గోల్లో నిలబడితే అవతలివాళ్లకి నోరు ఎండుతుంది. పెళ్లాం కేథరిన్ ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఆ ఏడాది వేసవిలో జాక్సన్‌కి కలకత్తా క్లబ్బు నుంచి పిలుపొచ్చింది. రెండేళ్ల కాంట్రాక్టు. శనివారం లోపు సంతకం పెట్టి పంపాలి.

"ఎల్లిపోదారి," అంది కేథరిన్. "నీ మోకాలికి రెండేళ్లే ఉన్నాయని డాక్టరు సెప్పాడు కదా. ఆ రెండేళ్లూ ఎవడు పిలిత్తే ఆడి దగ్గర ఆడీ."

జాక్సన్ తల గోక్కున్నాడు. మామూలు రోజుల్లో అయితే వెళ్లిపోయేవాడే. కానీ అప్పుడే దేశం మొత్తం మీద పెద్ద లీగుని పెంచుతామని ప్రకటన వచ్చింది. పది టీములు పద్నాలుగు అవుతాయి. కొత్త నాలుగింటిలో ఒక చోటు విశాఖపట్నానికి. విశాఖపట్నంలో నికరంగా ఫుట్‌బాల్ ఆడుతున్న టీము ఒక్కటే, అది మనదే. టీ బడ్డీల దగ్గర లెక్కలు మొదలయ్యాయి. టీవీలో జాక్సన్ మొహం ఎంత కనబడుతుందో కూడా తేల్చేశారు.

క్లబ్బు సెక్రటరీ శ్రీరామ్మూర్తికి మాత్రం నిద్ర కరువైంది. పోర్టులో గుమాస్తాగా రిటైరై, వచ్చిందంతా ఈ టీము మీద తగలేసిన మనిషి. లీగు నుంచి ఒక ఆఫీసరు శుక్రవారం తనిఖీకి వస్తున్నాడు. గ్రౌండ్ మధ్యలో నిలబెట్టి వీడియో తీస్తూ ప్రశ్నలడుగుతాడట. స్థలం పదేళ్లు చేతిలో ఉందా? లేదు, లీజు డిసెంబరుతో ఆఖరు. పదిహేనేళ్ల లోపు పిల్లల టీము ఉందా? లేదు, ఆ రోజుకి చర్చి స్కూలు నుంచి పిల్లల్ని అడిగి తెస్తున్నారు. ఇవన్నీ కాగితం మీద ఎలాగో నెట్టుకొచ్చాడు. గీత లోపల నోరు తెరిస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

గురువారం సాయంత్రం ఆయన జోగమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"జోగమ్మా, రేపు గీత పొయ్యొద్దు."

"గీత లేపోతే గ్రౌండని ఎలగంటారు బాబూ? ఆయనొచ్చేది గ్రౌండ్ సూడ్డానికే కదా."

"అయితే పొయ్యి. ఎక్కడో ఒక మూల జానెడు ఖాళీగా ఒగ్గీ. జెండా కర్ర కింద, కనబడకుండా. జానెడు చాలు."

ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట. "తప్పు కదేటి బాబూ," అంది జోగమ్మ.

"తప్పే. కానీ టీము పోతే ఇరవై కుటుంబాలు పోతాయి. నువ్వు కూడా. ఎవరికీ సెప్పకు. ముఖ్యంగా ఆటగాళ్లకి. ఒక్కడు జారుకున్నా లిస్టు తక్కువై లైసెన్సు పోద్ది."

శుక్రవారం పొద్దున్న జోగమ్మ గీత పోసింది. ఈశాన్యం మూల జెండా దగ్గరకి వచ్చేసరికి డబ్బా నిలువుగా పట్టుకుంది. జానెడు నేల నల్లగా మిగిలింది. దాని మీద నాలుగు గడ్డి పరకలు తెంపి వేసి, పైట కొంగుతో చెయ్యి తుడుచుకుని లేచింది. వెళ్లి బస్తాలు సర్దింది.

లీగు ఆఫీసరు సాయిశంకర్ పదింటికి వచ్చాడు. ముప్ఫై ఏళ్లవాడు, తెల్లటి బూట్లు, మంచి మర్యాద. ఊరంతా గట్టు మీద కూర్చుంది. సెంటర్ సర్కిల్లో నిలబడి శ్రీరామ్మూర్తి స్థలం పదేళ్లు మాదే అన్నాడు. పిల్లలు మా పిల్లలే అన్నాడు. మొదటిసారి గొంతు కొంచెం వణికింది గానీ రెండోసారికి నున్నగా జారింది. ఆటగాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లీజు పొడిగించినట్టు గానీ, పిల్లల్ని చేర్చుకున్నట్టు గానీ వాళ్లు వినలేదు. గీత లోపల అన్నాడు కాబట్టి, తమకి చెప్పకుండా ఏదో ఏర్పాటు చేసేసి ఉంటాడనుకుని సంతోషపడ్డారు.

వీడియో అయిపోయాక జాక్సన్ గ్లోవ్స్ తీసి సాయిశంకర్ దగ్గరికి నడిచాడు. ఇద్దరూ పెనాల్టీ బాక్సులో ఉన్నారు.

"సార్, ఒక్క మాట. రేపటిలోపు నాను కలకత్తాకి సంతకం పెట్టాలి. మా టీము లీగులో ఉంటాదా?"

సాయిశంకర్ నవ్వాడు. అతను ముంబైలో బయల్దేరేటప్పటికే విశాఖ చోటు ఒక పెద్ద కంపెనీకి రాసిచ్చేశారు. ఈ తనిఖీ ఫైలు నింపడానికే. ఆ సంగతి అతనికి శుభ్రంగా తెలుసు. ఇప్పుడు చెబితే గొడవ, వీళ్లు కోర్టుకెక్కుతారు. "హండ్రెడ్ పర్సెంట్ ఉంటుంది జాక్సన్ గారూ. మీ ప్లేస్ ఖాయం. మీలాంటి కీపర్‌ని ఎవరు వదులుకుంటారు? ఎక్కడికీ వెళ్లకండి," అన్నాడు.

మల్కాపురం మొత్తం ఆ మాట వింది. గట్టు మీద ఎవడో ఈల వేశాడు.

జోగమ్మ ఈశాన్యం మూల జెండా వైపు చూసింది. జానెడు ఖాళీ శ్రీరామ్మూర్తి కోసం వదిలింది. దాంట్లోంచి ఇతనూ దూరొచ్చని ఆవిడకి ముందు తోచలేదు. నిజం చెప్పాడో, బొంకాడో, ఈ వేళ ఎలా తెలుస్తుంది? సరిగ్గా అప్పుడే జాక్సన్ నవ్వుకుంటూ ఆవిడ దగ్గరికే వచ్చాడు. ఆవిడ గోల్ లైను లోపల తాడు చుట్టుకుంటోంది.

"పిన్నీ, ఇన్నావా? కేథరిన్ నమ్మదు, దానిది సిటీ బుర్ర. నువ్వు సెప్పు. ఆయన మాట నమ్మొచ్చా?"

జోగమ్మ నోరు తెరిచింది. గీతలో జానెడు ఒగ్గీసాను నాయినా, ఇయ్యాల ఎవరి మాటా నమ్మకు అందామనుకుంది. ఎదురుగా శ్రీరామ్మూర్తి చేతులు కట్టుకుని నిలబడి ఆవిడనే చూస్తున్నాడు, కళ్లల్లో నీళ్లు.

"నమ్ము నాయినా. నిజిమే," అంది.

ఆ గ్రౌండ్‌లో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది. ఎక్కడా తట్టుకోకుండా, మంచినీళ్లలా వచ్చేసింది. ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

ఆ రోజు ఇంట్లో కేథరిన్ ఎంత మొత్తుకున్నా జాక్సన్ వినలేదు. "ఆడెవడో అన్నాడని ఇంటికొచ్చిన కాంట్రాక్టు కాలదన్నుకుంటావా?" అని ఆవిడ, "ఆడెవడో కాదే, గీత లోపల అన్నాడు!" అని ఇతను. శనివారం గడిచిపోయింది. కలకత్తా వాళ్లు పంజాబు నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకున్నారు.

ఆగస్టులో లీగు పద్నాలుగు టీముల పేర్లు చదివింది. విశాఖపట్నం ఉంది, డాక్ స్టార్స్ లేదు. కొత్త పేరు, కొత్త రంగులు, మధురవాడ వైపు కొత్త గ్రౌండ్, ఎక్కడెక్కడి నుంచో కొన్న ఆటగాళ్లు. నగరానికి ఒకే ప్రొఫెషనల్ టీము అన్న రూలు పెట్టి మనవాళ్ల రెండో డివిజన్ చోటు కూడా పీకేశారు. లీగు పెరిగింది, మనం పోయాం. అదేం పెరగడమో! శ్రీరామ్మూర్తికి పక్షవాతం వచ్చి కూతురింటికి తీసుకుపోయారు. ఆటగాళ్లలో కుర్రవాళ్లు తలోదిక్కూ పోయారు. జాక్సన్‌ని ఎవరూ పిలవలేదు. మోకాలు, వయసు, పైగా నెలల తరబడి ఆట లేదు. కంటైనర్ యార్డులో కాంట్రాక్టు పనికి కుదిరాడు.

అయినా అతను ఎవర్నీ తిట్టేవాడు కాదు. అదే వింత. "ఆయన మోసం సెయ్యలేదు బావా," అనేవాడు యార్డులో ఎవరైనా కదిపితే. "ఆ రోజు అతని మనసులో ఉన్నది నిజిమే. గీత లోపల సెప్పాడు. తరవాత పైనోళ్లు మార్చీసారు. దానికి అతనేం సేత్తాడు?" ఆ మాట చెప్పుకునే అన్నం తినేవాడు, ఆ మాట చెప్పుకునే పడుకునేవాడు. నేనేం వెర్రివాణ్ణి కాదు, నిజాన్ని నమ్మాను, నిజమే తర్వాత మారిపోయింది. అతని దగ్గర మిగిలిన ఆస్తి అదొక్కటే.

డిసెంబరులో కోచింగ్ సెంటర్‌కొచ్చే పేపర్లో కేథరిన్ ఒక వార్త చదివింది. కొత్త టీము యజమానితో ముఖాముఖి. విశాఖ హక్కుల ఒప్పందం మీద ఏప్రిల్ రెండున సంతకం చేశామని గొప్పగా చెప్పుకున్నాడు. తనిఖీ జరిగింది మే నెలలో. కేథరిన్ మళ్లీ చదివింది. పేపరు మడిచి బ్యాగులో పెట్టుకుని, ఒక పూట సెలవు అడిగి ఇంటికి బస్సెక్కింది.

ఆ మధ్యాహ్నం జోగమ్మ గ్రౌండ్‌లోనే ఉంది. టీము లేకపోయినా లీజు అయ్యేదాకా వారానికోసారి గీత పోస్తూనే ఉంది. తగువులు ఆగవు కదా. అప్పుడే గీత ముగించి, నాలుగు మూలలూ రెండుసార్లు చూసుకుని, సెంటర్ సర్కిల్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. మే నెల నుంచి మూలలు రెండుసార్లు చూడ్డం అలవాటైంది ఆవిడకి.

కేథరిన్ ముందు, జాక్సన్ వెనక. సాయంత్రం షిఫ్టు కోసం యార్డు చొక్కాలోనే ఉన్నాడు. ఇద్దరూ గీత దాటి లోపలికి వచ్చారు. కేథరిన్ పేపరు చూపించి తేదీ చదివింది.

"ఏప్రిల్‌లోనే అమ్మీసారు అత్తా. మరి మేలో ఆ సాయిశంకర్ ఇక్కడ నిలబడి అలగెలగ సెప్పగలిగాడు?"

జోగమ్మ మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి అడ్డు లేదు కాబట్టి పెదాలు బిగబట్టింది.

"దీనికి లెక్కలు రావు పిన్నీ," అన్నాడు జాక్సన్. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "పేపరోడు తేదీ తప్పేసుంటాడంటే ఇనదు. నువ్వు సెప్పు. ఆ రోజు గీత నిండుగానే పోసావు కదా?"

ఆ మనిషి అలా నిలబడి చూస్తూంటే ఆవిడ ఎంతసేపు ఆగగలదు?

"నేదు నాయినా. మూల జానెడు ఒగ్గీసాను. సెక్రటరీ గారు ఒగ్గీమన్నారు."

జాక్సన్ కదల్లేదు. "మరి నాను నిన్నడిగాను కదా. నమ్మొచ్చా అని."

"అడిగావు."

"నువ్వు నమ్మమన్నావు."

"నిజిమో కాదో నాకు తెలీదు బాబూ. తెలీకుండానే నిజిమన్నాను. నా పని పోద్దని బయమేసింది. అబద్దమాడాను."

కేథరిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జాక్సన్ మొహంలో కోపం వస్తుందేమోనని జోగమ్మ ఎదురు చూసింది, వస్తే బాగుండునని కూడా అనుకుంది. రాలేదు. ముప్ఫై ఏళ్ల మగాడి మొహం చూస్తూండగానే ముసలాడి మొహమైపోయింది. అటు గోల్‌పోస్టు వైపు చూశాడు, ఇటు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత గిర్రున తిరిగి, టచ్ లైను దాటి, గీతకి అవతల నిలబడ్డాడు.

"పిన్నీ, ఇలగరా."

జోగమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. కొడతాడేమో, కొట్టనీ అనుకుంటూ నడిచింది. గీత దాటి అతని ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు సెప్పు," అన్నాడు జాక్సన్. "ఆ రోజు గీత నిండుగానే పోసాను అని సెప్పు. ఆయన నిజిమే సెప్పాడని సెప్పు."

జోగమ్మ అతని కళ్లలోకి చూసింది. చేతులకంటుకున్న సున్నం చీరకి రాసుకుంది.

"నిండుగానే పోసాను నాయినా. ఒక్క బెత్తెడు కూడా ఒగ్గలేదు. ఆయన నిజిమే సెప్పాడు. తరవాత పైనోళ్లు మార్చీసారు."

జాక్సన్ తలూపాడు. రెండుసార్లు ఊపాడు. మొహం తుడుచుకుని పెళ్లాం వైపు తిరిగాడు.

"ఇన్నావా? నాను సెప్పలేదేటి?"

కేథరిన్ ఇంకా గీత లోపలే నిలబడి ఉంది.

"ఇన్నాను," అంది.