గట్టు మీది ఘాటు ముల్లంగి

పూరిమ్ పండగకి తాగిన మత్తు ఇంకా పూర్తిగా దిగనేలేదు, మా యూదుల గురువు రబ్బీని ఎత్తుకుపోవడానికి వెలికోవ్ నుంచి బండి వచ్చింది.

రెండు గుర్రాల బండి. పైన తోలు కప్పు. అందులోంచి దిగిన మనిషి కోటుకు నక్కబొచ్చు కాలరుంది. మా ఊరు జరూబిట్స్‌లో సారా కొట్టూ, పూటకూళ్ల ఇల్లూ రెండూ నావే కాబట్టి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. సగం బాతు తెమ్మన్నాడు. అది తినేసి మిగతా సగం కూడా తెమ్మన్నాడు.

"నా పేరు సాదోక్. వెలికోవ్ పెద్దలు పంపారు," అన్నాడు, వేళ్లు నాక్కుంటూ. "మీ రబ్బీ ఎల్యాకిమ్ గారిని మా ఊరు తీసుకెళ్లడానికి వచ్చాను."

"సంతోషమండి. మళ్లీ ఎప్పుడు దింపుతారు?"

"దింపం."

నా చేతిలో పళ్లెం కిందపడింది. వంటింట్లోంచి నా భార్య హిందె కేకేసింది. "ఏమయ్యా, పగిలింది మనదా, వాళ్లదా?"

మనదే. పోయేది కూడా మనదే.

రబ్బీ ఎల్యాకిమ్ లేని జరూబిట్స్‌ని నేను ఊహించలేను. కోసిన కోడి కడుపులో సూది దొరికితే మా మతం ప్రకారం ఆ కోడిని తినొచ్చో లేదో చెప్పేది ఆయన. పేదింటి కోడి అయితే, పుస్తకాల గుట్టంతా తిరగేసైనా తినొచ్చనే దారి కనిపెట్టేవారు. హిందె మా పెద్దమ్మాయిని కనడానికి అవస్థ పడుతుంటే, తెల్లారేదాకా మా గుమ్మం బయట మంచులో నిలబడి కీర్తనలు చదివారు. పొద్దున నేను పరిగెత్తుకెళ్లి ఆయన చేతులు పట్టుకుంటే, "ముందు కాస్త వేడినీళ్లు పొయ్యరా కల్మాన్, గడ్డం విరిగిపోయేలా ఉంది," అన్నారు. అలాంటి మనిషి.

ఆ మధ్యాహ్నమే సాదోక్ గారిని వెంటబెట్టుకుని రబ్బీగారింటికి వెళ్లాను. ఆయన 'నేను రాను' అంటే చెవులారా విందామని. ఆయన అలా అనలేదు.

"వస్తాను," అన్నారు. "కానీ మా వాళ్లతో తాల్ముద్ ధర్మశాస్త్రంలో ఒక సంపుటం మొదలుపెట్టాను. దొరికిన సొత్తు, అరువు తెచ్చిన ఎద్దు, కూలిన గోడ, అలాంటి తగాదాలన్నీ ఉంటాయే, అది. మొదలుపెట్టినది మధ్యలో వదలను. వీళ్లతో అది పూర్తయ్యాకే మీ బండెక్కుతాను."

"ఎప్పటికవుతుంది?"

"ఏటా ఒక సంపుటం పస్కా పండగకి ముందు రోజు పొద్దున పూర్తి చేస్తాం. ఇంకో నెల."

చెయ్యీ చెయ్యీ కలిపారు. అంటే ఇక మాట తిరగదు.

సాయంత్రం ఊరంతా నా కొట్లో చేరింది. కసాయి ఓజర్ బల్ల మీద గుద్దాడు. మా పెరటికి కిందనున్న పెరడు వాడిదే. మంచివాడే, కానీ ఆలోచించాల్సిన చోట చెయ్యి లేపుతాడు.

"బండి చక్రాలు ఊడపీకుదాం!"

"ఇంకో బండి తెస్తారు," అన్నాను.

"బండికి అడ్డంగా పడుకుందాం!"

"నువ్వు పడుకుంటే రబ్బీగారు దిగి, నీకు దుప్పటి కప్పి, నడిచి వెళ్తారు."

మర్నాడు ఫ్రేడమ్మగారి కాళ్లమీద పడదామని వెళ్లాను. ఆవిడ రబ్బీగారి భార్య. ఇల్లు కురుస్తున్న చోటల్లా గిన్నెలు పెడుతోంది.

"అమ్మా, జీతం తక్కువనా? కప్పు కురుస్తోందనా? ఓజర్ని ఇప్పుడే నిచ్చెనెక్కిస్తాను."

"ఎక్కించు, వద్దనను," అంది ఆవిడ. "కానీ ఆయన వెళ్లేది కప్పు కోసం కాదు నాయనా. మీ గురక కోసం."

"గురకా?"

"పన్నెండేళ్లుగా రోజూ సాయంత్రం మీకు పాఠం చెప్తున్నారు. ప్రశ్నా ఆయనే, జవాబూ ఆయనే. మీరంతా బల్లమీద తలలు పెట్టి నిద్ర. నువ్వైతే కల్మాన్, ఈల కూడా వేస్తావట. వెలికోవ్‌లో అడిగేవాళ్లున్నారట. ఆయనకి కావలసింది అడిగే మనిషి, అంతే."

సిగ్గుతో వెనక్కి తిరిగాను. సగం దారిలో టక్కున ఆగిపోయాను.

రబ్బీగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న వేస్తే, వేసినవాడు నోటితో "అర్థమైంది" అనేదాకా ఆయన పేజీ తిప్పరు. మాలో ఎవరూ అడగరు కాబట్టి ఇన్నేళ్లూ పేజీలు గాలికి తిరిగినట్టు తిరిగాయి. అడిగితే? పుస్తకం పూర్తికాకపోతే?

పరుగున వెళ్లి ఓజర్ని పట్టుకున్నాను.

"ఒరేయ్, ఇవాళ నువ్వు ప్రశ్న అడగాలి."

"నేనా? దేని గురించి?"

"దేని గురించైనా. కానీ అర్థమైందని మాత్రం అనకు."

"అది నాకు చాలా తేలిక," అన్నాడు.

ఆ సాయంత్రం ప్రార్థన ముగిశాక పాఠం మొదలైంది. ఒకడి గోడ కూలి పక్కవాడి పెరట్లో పడింది. రాళ్లెవరివి? రబ్బీగారు చదువుతూ పోతుంటే నేను చెయ్యెత్తాను.

"రబ్బీగారూ, ఆ గోడ ఏ పనీ చెయ్యకూడని సబ్బాతు రోజున కూలితేనో?"

రబ్బీగారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నన్నే చూశారు.

"దాని కింద కోడి ఉంటేనో?" అన్నాడు ఓజర్.

ఆ రోజు పేజీ తిరగలేదు. ఆ మర్నాడూ తిరగలేదు.

కానీ ఒక చిక్కొచ్చింది. వెర్రి ప్రశ్నలు తొందరగా అయిపోతాయి. కోడి అయింది, బాతు అయింది, మేక అయింది. ఆపైన ఏదన్నా అడగాలంటే ముందు పేజీలో ఏముందో తెలియాలి. ఈ సంగతి మాకెవరూ ముందు చెప్పలేదు. దాంతో నేను సారా పోస్తూ గోడల గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఓజర్ మాంసం కొడుతూ కత్తి గాల్లో ఆపేసి, "అలా అయితే మరి పునాది ఎవరిది?" అని కొనడానికి వచ్చినవాళ్లని అడిగేవాడు.

సాదోక్ గారు రోజూ వెనక బెంచీలో కూర్చుని పళ్లు నూరేవాడు. "వీళ్లు కావాలనే చేస్తున్నారు!"

"కావచ్చు," అనేవారు రబ్బీగారు. "కానీ ప్రశ్న బాగుంది."

అలా ఈడ్చీ ఈడ్చీ పస్కాకి ముందు రోజు పొద్దుటికి ఆఖరి పేజీకి వచ్చాం.

అసలు కష్టం అప్పుడొచ్చింది. ఆ రోజు మాలో తొలిచూలు కొడుకులంతా ఉపవాసం ఉండాలి. పొద్దున ఒక సంపుటం చదువు పూర్తయితే అది పండగ కింద లెక్క. అక్కడ కూర్చున్న వాళ్లంతా హాయిగా తినొచ్చు. మా ఊళ్లో పుస్తకాలు పూర్తి చేసేది రబ్బీగారొక్కరే. మిగతావాళ్లం సీసాలు పూర్తి చేస్తాం. నేను తొలిచూలు. ఓజర్ తొలిచూలు. రబ్బీగారూ అంతే. బాతు తినే సాదోక్ గారూ తొలిచూలేనని ఆ పొద్దునే తెలిసింది. బల్ల చివర హిందె చేసిన తేనె రొట్టె పెట్టి ఉంది. పక్కన సారా సీసా. పొద్దెక్కితే ఇక అవి ముట్టుకోకూడదు. పులిసినదేదీ పండగలో ఇంట్లో ఉండకూడదు కదా.

పేజీ పూర్తయితే రొట్టె మాది, రబ్బీ వెలికోవ్‌ది. పూర్తికాకపోతే రాత్రిదాకా పస్తు.

రబ్బీగారు చదివారు. "రెండు పెరళ్లు, ఒకటి పైన, ఒకటి కింద. మధ్య గట్టు మీద కూర మొలిచింది. ఎవరిది? పైవాడు చెయ్యి చాపితే అందేది పైవాడిది, అందనిది కిందవాడిది."

నేనూ ఓజర్ ఒకేసారి లేచాం.

మా పెరళ్లు సరిగ్గా అలాగే ఉంటాయి. మధ్య గట్టు మీద ఘాటు ముల్లంగి మొలుస్తుంది, పస్కా రాత్రి మా పూర్వీకుల బానిసత్వపు చేదుకి గుర్తుగా కొరికి అందరం ఏడుస్తామే, అదే. దాని గురించి మేమిద్దరం ఏటా కొట్టుకుంటాం.

"అందుతుంది, నాదే!" అన్నాను.

"నీకందేది ఆకు రా!" అన్నాడు ఓజర్. "దుంప నీకు అందదు. బోర్లా పడుకున్నా అందదు, నేను చూశాను. రబ్బీగారూ, ఆకు అంది దుంప అందకపోతే ఎవరిది?"

ఇది దొంగ ప్రశ్న కాదు. ఓజర్ మెడ నరాలు చూస్తే తెలుస్తోంది.

రబ్బీగారి ముఖం వెలిగిపోయింది. పేజీ మీద వేలు పెట్టారు. "ఓజర్, నువ్వడిగిన ఈ ప్రశ్నే బాబిలోనులో మన పెద్దలూ అడిగారు. ఇదిగో ఇక్కడ, ఈ పంక్తిలో. జవాబు దొరక్క, 'నిలిచి ఉండనీ' అని రాసి ముందుకెళ్లారు. ఏలీయా ప్రవక్త వచ్చిన రోజు ఆయనే తేలుస్తాడని."

"అందాకా నా ముల్లంగి?"

సాదోక్ గారు ఇక ఆగలేకపోయాడు. రొట్టె వైపు చూస్తూ లేచాడు. "రబ్బీగారూ, జవాబు లేదని పుస్తకమే చెప్తోంది. ఇలాంటివి ఎన్ని దాటలేదు మీరు? ఇదీ దాటండి!"

"ఎవరూ అడగనప్పుడు దాటాను. అడిగాక దాటడం నాకు చేతకాదు." రబ్బీగారు గడ్డం నిమురుకున్నారు. "అయినా మీకిచ్చిన మాట ఉంది. మీరు చదువుకున్నవారు, పైగా ఇప్పుడు ఈ బల్ల దగ్గరే ఉన్నారు. మీరు వీళ్లకి జవాబు చెప్పండి. మీకు అర్థమైందని ఒక్క మాటనండి చాలు, మిగిలిన నాలుగు పంక్తులూ చదివేస్తాను. పండగ వెళ్లగానే బండెక్కుతాను."

ఒక్క మాట. అదీ ఆకలితో ఉన్న మనిషి చేతిలో.

"ఇందులో ఏముంది?" అన్నాడు సాదోక్ గారు. "దుంపే మొక్కకి ప్రాణం. దుంప ఎవరిదో ఆకు వాడిదే."

"అయితే దుంప అంది ఆకు అందకపోతే?" అన్నారు రబ్బీగారు మెల్లగా. "పెద్దలు దాన్నీ అడిగారు. ప్రాణం దుంపలోనే ఉంటే అది అడగాల్సిన పనే లేదుగా?"

"అది... ఎందుకంటే..." సాదోక్ గారు ఆగాడు. పుస్తకం ముందుకు లాక్కున్నాడు. కూర్చున్నాడు. బొటనవేలు గాల్లో తిప్పాడు. "ఉండండి. ఉండండుండండి. ఆకే ముఖ్యమంటే... కాదు, అప్పుడు..."

"అప్పుడు మొదటి ప్రశ్న అడగాల్సిన పనే ఉండదు," అన్నాను నేను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"అదే కదా నేనంటున్నది!" అని నా మీద అరిచాడు సాదోక్ గారు. నక్కబొచ్చు కోటు తీసి అవతల పారేశాడు.

బయట ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. రొట్టె వాసన గదంతా నిండింది. హిందె తలుపు దగ్గర నిలబడి, "తింటారా, తీసి పారెయ్యనా? పొద్దెక్కుతోంది!" అంది.

అందరం సాదోక్ గారిని చూశాం. ఆయన రొట్టెని చూశాడు. తలుపు బయట కనిపిస్తున్న బండిని చూశాడు. నోరు తెరిచాడు. తర్వాత పేజీని చూసి నోరు మూసుకున్నాడు.

"అర్థమైంది అంటే అయిపోతుంది," అన్నాడు నీరసంగా. "కానీ అర్థం కాలేదు. పవిత్ర గ్రంథం మీద చెయ్యి పెట్టి అబద్ధమాడమంటారా? తీసెయ్యమ్మా. తీసెయ్."

ఓజర్ ఆయన్ని కావలించుకుని గాల్లోకి లేపాడు. చెప్పానుగా, ఆలోచించాల్సిన చోట చెయ్యి లేపుతాడని. ఈసారి మాత్రం సరిగ్గా లేపాడు.

రబ్బీగారు పుస్తకంలో గుర్తు పెట్టి మూశారు. "కల్మాన్, గోడ సబ్బాతు రోజున కూలితే అన్నప్పుడే నీ పన్నాగం తెలిసింది నాకు."

"మరి ఊరుకున్నారేం?"

"పన్నెండేళ్లలో నువ్వు మేలుకున్న మొదటి సాయంత్రం అది. చెడగొడతానా?" అని నవ్వారు. "ముల్లంగి సంగతి తేలేదాకా ఆకు నువ్వు పట్టుకో, దుంప కింద నుంచి ఓజర్ తవ్వుతాడు. ఊరికంతా పంచండి. ఏడిస్తే అందరం కలిసి ఏడుద్దాం."

అలాగే చేశాం. సాయంత్రానికి ఆకలితో కళ్లు తిరుగుతున్నాయి, కానీ జరూబిట్స్‌లో ఆ పండగ అంత సంతోషంగా ఎప్పుడూ జరగలేదు. సాదోక్ గారు మా బల్ల దగ్గరే కూర్చుని, ముల్లంగి దుంప కొరికి, కన్నీళ్లు కారుస్తూ, "దుంపే ముఖ్యం అనిపిస్తోంది," అన్నాడు. ఆకు నమిలి, "ఏమో మరి," అన్నాడు.

ఏలీయా ప్రవక్త కోసం ద్రాక్షరసం పోసి, వాడుక ప్రకారం వీధి తలుపు తీశాం. అందరం మర్యాదకి లేచి నిలబడ్డాం. సాదోక్ గారు మాత్రం గబగబా గుమ్మం దాటి వీధిలోకి వెళ్లిపోయాడు.

"ఎక్కడికండీ?" అన్నాను.

"ఊరికే చూస్తున్నా," అన్నాడు, దారి అటూ ఇటూ వెతుకుతూ. "వస్తే ఒక్క ప్రశ్న అడగాలి."

"వచ్చినప్పుడు అడుగుదురుగాని, ముందు తలుపెయ్యండి!" అంది హిందె. "పొద్దున్నుంచీ పస్తున్నారు, పులుసు చల్లారిపోతోంది."