సెట్టులో మిగిలిన సైజు

ఇంట్లో ఎవరి కొలతలేమిటో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మామయ్య చొక్కా మెడ దగ్గర వదులుగా ఉండాలి, లేకపోతే భోజనం మధ్యలో పై గుండీ తీసేస్తారు. మా ఆయనకు ప్యాంటు నడుము దగ్గర సరిపోతే పొడుగు చాలదు, పొడుగు చాలితే నడుము జారిపోతుంది. అత్తయ్యది ఎక్సెల్, కానీ ఆ మాట పైకి అనకూడదు. "కాస్త గాలి ఆడేలా ఉంది అత్తయ్యా" అనాలి. ఆడపడుచుది లార్జ్. ఇవన్నీ నాకు తెలుసు కాబట్టి హోల్‌సేల్ మార్కెట్టుకు ఎప్పుడూ నేనే వెళ్తాను. వెళ్ళమని ఎవరూ అనరు. "ఆదివారం నీకు సెలవే కదా" అంటారు, అంతే.

ఆ మార్కెట్టులో ఒక్క డ్రెస్సు కొనడం కుదరదు. పెద్ద భవనం, అంతస్తు అంతస్తుకీ వరసగా కొట్లు, నడవల్లో అడ్డంగా బట్టల మూటలు, వాటిని తోసుకెళ్ళే బళ్ళు, జరగండి జరగండి అని కేకలు. ప్రతి కొట్టు ముందూ 'విడిగా అమ్మము' అని బోర్డు ఉంటుంది. ఒకే రంగులో, ఒకే డిజైనులో నాలుగు సైజులు కలిపి ఒక కట్ట కడతారు. దాన్నే సెట్టు అంటారు. మీడియం, లార్జ్, ఎక్సెల్, డబులెక్సెల్. తీసుకుంటే నాలుగూ తీసుకోవాలి. బయట రెండు కొనే ఖర్చులో ఇక్కడ నాలుగొస్తాయి. అందుకని నా పెళ్ళయిన కొత్తలోంచీ మా ఇంటి ఆడవాళ్ళ బట్టలు సెట్లుగానే వస్తున్నాయి. మీడియం ఆడపడుచు కూతురికి, లార్జ్ ఆడపడుచుకు, ఎక్సెల్ అత్తయ్యకు పోగా, మిగిలినది నాకు.

నేను డబులెక్సెల్ మనిషిని కాను. మొదటిసారి వేసుకున్నప్పుడు దండెం మీద దుప్పటి ఆరేసినట్టుంది. మా ఆయన చూసి, "ఇందులో ఇంకో మనిషికి కూడా చోటుంది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు అత్తయ్య అన్న మాట మాత్రం నవ్వుతో పోలేదు. "నీకు కుట్టు వచ్చుగా. పక్కలు పట్టేసుకో. నీకేం, సన్నగా ఉన్నావు, ఏదేసినా బాగుంటుంది." అదేదో పొగడ్త అనుకుని సంతోషపడ్డాను కూడా, పిచ్చిదాన్ని. అప్పట్నుంచీ ప్రతిసారీ భుజాలు విప్పి, పక్కలు కోసి, చేతులు తగ్గించి, పెద్ద డ్రెస్సులోంచి నన్ను నేను బయటికి తీసుకోవడం నా పని. మా అమ్మ నాకు కుట్టు నేర్పించింది ఎక్కడున్నా ఒకరి మీద ఆధారపడకుండా బతకాలని. ఎవరికీ కుట్టురాని ఇంట్లో పడితే అందరూ నా మీదే ఆధారపడతారని ఆవిడకు తట్టలేదు. నేను పనిచేసే పళ్ళ ఆసుపత్రిలో కూడా అంతే. పేషెంట్ల పేర్లు రాసుకోవడం, ఫోన్లు ఎత్తడం నా ఉద్యోగం. డాక్టరుగారి తెల్లకోటు గుండీ ఊడితే మాత్రం నర్సులూ ఉంటారు, తుడిచే ఆవిడా ఉంటుంది, కోటు నా టేబుల్ మీదకే వస్తుంది.

పోయిన ఏడాది మరిదికి పెళ్ళయింది. నాకో తోటికోడలు వచ్చింది. ఇంట్లోనే కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎక్కడెక్కడివాళ్ళ ఫిర్యాదులు వింటూ "అర్థమైందండీ, క్షమించండీ" అంటూ ఉంటుంది. అదే దాని ఉద్యోగం. పని అయిపోయాక వంటింట్లోకి వచ్చి మాతో కూడా అదే గొంతుతో మాట్లాడుతుంది. గాలికి ఎగిరిపోయేంత సన్నం. ఆడపడుచు కూతురు ఈ సెట్టు బట్టలు నేను వేసుకోనని ఎప్పుడో తెగేసి చెప్పింది కాబట్టి, మీడియం ఇక చిన్నకోడలిదని ఎవరూ అనకుండానే తేలిపోయింది.

ఈ నెలాఖరున మామయ్య రిటైరవుతున్నారు. ఆఫీసువాళ్ళు భోజనాలు పెడుతున్నారు, అక్కడ ఫోటోలు తీస్తారు. ఆడపడుచుకు ఒక ఆలోచన వచ్చింది. "వదినా, మన నలుగురం ఒకేలా వేసుకుందాం. నీలంరంగు, పొడుగు చేతులది. నువ్వైతే మంచిది చూసి తెస్తావు." నేనైతే మంచిది చూసి తెస్తాను. ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదికీ టిఫిను చేసిపెట్టి, మధ్యాహ్నానికి కూర వండి మూతపెట్టి, మార్కెట్టుకు వెళ్ళాను.

మూడో అంతస్తులో ఒక కొట్టావిడ నాకు అలవాటు. మెడలో తాడుకు కత్తెర వేలాడేసుకుని, మూటల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంటుంది. నాకు షాపుందని ఆవిడ అనుకుంటుంది. నేనూ కాదనలేదు, ఆ అబద్ధంలో నాకేదో మర్యాద ఉంది. నీలంరంగు డ్రెస్సు నడుము దగ్గర చిన్న మడతలతో, ముట్టుకుంటే చల్లగా ఉంది. చూడగానే మనసు లాగేసింది. అంతకుముందు ఎన్నో సెట్లు కొన్నాను కానీ, ఏదీ నా కోసమని చూడలేదు. మీడియం చేతిలోకి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలియదు. "ఇక్కడ వేసి చూసుకోవచ్చా?" అని అడిగాను. హోల్‌సేల్లో ఎవరూ అలా అడగరు. ఆవిడ వింతగా చూసి, "ఆ మూటల వెనక్కి వెళ్ళండి. తొందరగా కానివ్వండి" అంది.

అక్కడ అద్దం లేదు. ఇటు గోడ, అటు బస్తాలు. అయినా వేసుకున్న క్షణంలోనే తెలిసిపోయింది. భుజం భుజం దగ్గర ఆగింది. నడుము నడుము దగ్గర ఉంది. చెయ్యి పైకెత్తితే దానితోపాటు బట్టంతా లేవలేదు. ఏదీ కుట్టక్కర్లేదు. నా ఒంటికి ఒక ఆకారం ఉందన్న సంగతి అన్నేళ్ళ తర్వాత నాకు గుర్తుకొచ్చింది. ఏడుపొచ్చింది, ఇంత చిన్నదానికి ఏడుపేమిటని సిగ్గూ వేసింది. బయటికొస్తే కొట్టావిడ తల ఊపింది. "మీ సైజు మీడియమే. మరి ఆ డబులెక్సెల్ అమ్ముడుపోతుందా మీ దగ్గర?"

"ఇది షాపుకు కాదు, ఇంట్లోవాళ్ళకే. డబులెక్సెల్ మా తోటికోడలిది" అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. "ఆవిడ కాస్త లావు" అని కూడా అనేశాను.

ఎవరూ అడగలేదు. ఆ మాట నా నోట్లోంచి ఊడిపడింది. బస్సులో ఇంటికి వస్తుంటే సంచి ఒళ్ళో పెట్టుకుని, ఆ అమ్మాయి ముఖం కళ్ళముందుకు రాకుండా కిటికీలోంచి ఎటో చూస్తూ కూర్చున్నాను. నాకు నేను చాలా చెప్పుకున్నాను. ఇన్నేళ్ళూ నేను వేసుకోలేదా? ఒక్కసారి తను వేసుకుంటే ఏం పోతుంది? వచ్చి ఏడాది కాలేదు, ఇంకా బోలెడు సెట్లు వస్తాయి. ఇలా చెప్పుకుంటున్నకొద్దీ ఆ గొంతు నాది కాదనిపించింది. అచ్చం అత్తయ్య గొంతులా ఉంది.

సాయంత్రం ఆడపడుచు వచ్చింది. హాల్లో అందరి ముందూ సంచి విప్పి పంచాను. లార్జ్ ఆడపడుచుకు, ఎక్సెల్ అత్తయ్యకు. తోటికోడలు మీడియం కోసం చెయ్యి చాచింది. నేను దాని చేతిలో డబులెక్సెల్ పెట్టాను.

"మీడియం నాకు సరిపోయిందమ్మా, అక్కడే వేసి చూసుకున్నాను. నువ్వు పక్కలు పట్టేసుకుంటే చాలు. నీకేం, సన్నగా ఉన్నావు, ఏదేసినా బాగుంటుంది."

అక్షరం పొల్లుపోలేదు. ఎక్కడా తడుముకోలేదు కూడా. మా ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. తోటికోడలు డ్రెస్సును ఒంటికి ఆనించుకుని చూసుకుంది. మోకాళ్ళ దగ్గర ఆగాల్సింది పిక్కల మీదికి జారింది. "పర్లేదక్కా" అంది. హెడ్‌ఫోన్లలో క్షమించండీ అనే గొంతు అది.

వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే అత్తయ్య నా వెనకే వచ్చింది. ఎప్పుడూ లేనిది నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇన్నాళ్ళూ నోరులేని దానివనుకున్నాను. ఇప్పటికి పెద్దకోడలివి అనిపించావు. కొత్తగా వచ్చినవాళ్ళను మొదట్లోనే అలా సర్దుకుపోయేలా చెయ్యాలి, లేకపోతే నెత్తికెక్కుతారు."

నాకు సంతోషమేసింది. దాచడమెందుకు, మొదట వచ్చింది సంతోషమే. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నుంచీ ఎన్ని వండాను, ఎన్ని కుట్టాను, ఎవరెవరి జ్వరాలకు మేలుకున్నాను, దేనికీ భుజం మీద చెయ్యి పడలేదు. ఒక ఆడపిల్లను చిన్నబుచ్చగానే పడింది. ఆ సంగతి బుర్రకెక్కేసరికి సబ్బునురగలో నా చేతులు అలాగే ఆగిపోయాయి. అత్తయ్యకు కూడా ఎప్పుడో ఎవరో ఇలాగే మిగిలినది ఇచ్చి ఉంటారు. తర్వాత ఇంకెవరో భుజం తట్టి ఉంటారు.

మర్నాడు నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి తోటికోడలు డ్రెస్సు, గుండుసూదుల డబ్బా పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడి ఉంది. "అక్కా, నాకు కుట్టుమిషను నేర్పుతారా? ఎంత లోపలికి పట్టాలో తెలియట్లేదు." నవ్వొచ్చింది నాకు, చేదు నవ్వు. డబులెక్సెల్ను వదిలించుకున్నాను కానీ దాన్ని కుట్టే పని మాత్రం నన్ను వదల్లేదు.

వేసుకుని రమ్మన్నాను. ఆ గుడ్డలో మనిషి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, సూదులు పళ్ళమధ్య పెట్టుకుని, ఒక్కొక్కటే గుచ్చుతున్నాను. చేతులు రెండూ పైకెత్తి కదలకుండా నిలబడింది. ఎక్కడ తప్పు చేస్తానో అన్నట్టు ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది. నేనూ అలాగే నిలబడేదాన్ని, కాకపోతే నాకు సూదులు గుచ్చేవాళ్ళు లేరు.

"నా మీద కోపమొచ్చిందా?" అని అడిగాను. సూదులున్నాయి కాబట్టి మాట సరిగా రాలేదు. అదీ మంచిదే అయింది.

"లేదక్కా. మా ఇంట్లో నేనొక్కదాన్నే ఆడపిల్లను. అందుకని మిగిలినవి వేసుకోవడం నాకు రాదు. నేర్చుకుంటాలెండి."

నేర్చుకుంటాలెండి. ఎత్తిపొడుపేమీ లేదు అందులో. నేర్పేదాన్ని నేనే కాబట్టి నా దగ్గరికి వచ్చింది, అంతే. అది తిట్టి ఉంటే నేను బతికిపోయేదాన్ని. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాను. గుచ్చినవి కూడా తీసేశాను. "ఏమైందక్కా, తప్పుగా వచ్చిందా?" అని కంగారుపడింది. "నీ తప్పు కాదు. విప్పి మడతపెట్టు. ట్యాగు ఊడకుండా చూడు" అన్నాను.

నా మీడియం దానికి ఇచ్చేద్దామా అని ఒక్కక్షణం అనిపించింది. ఇస్తే రేపట్నుంచి మళ్ళీ నేను కత్తెర పట్టుకోవాలి, అది మళ్ళీ క్షమించండక్కా అనాలి. అందరూ నన్ను ఎంత మంచిదో అంటారు. ఆ మంచితనం మీద నాకు విసుగొచ్చింది. ఆ డ్రెస్సు నాకు కావాలి కూడా. అబద్ధమెందుకు, ఇప్పటికీ కావాలి. కొట్టావిడకు ఫోన్ చేశాను.

"అమ్మా, మా తోటికోడలు లావు కాదు. నేను అబద్ధం చెప్పాను. డబులెక్సెల్ ఇచ్చేసి ఇంకో మీడియం తీసుకోవచ్చా?"

అవతల ఆవిడ నవ్విందో దగ్గిందో తెలియలేదు. "ఒక్క పీసు మార్చడం మా దగ్గర కుదరదమ్మా. దాంతో నేనేం చేసుకోను? సెట్టు మొత్తం తీసుకురండి. ట్యాగులతో నాలుగూ ఉంటే వెనక్కి తీసుకుంటాను. తర్వాత ఎవరికి కావాల్సింది వాళ్ళు విడి షాపుల్లో కొనుక్కోండి."

నాలుగూ అంటే అత్తయ్యది కూడా. ఆడపడుచుకు ఫోన్ చేస్తే, "నాకు ఎంత బాగా కుదిరిందో, వదినా, నీకేమైంది?" అని గోల పెట్టి, చివరికి "అమ్మ ఇస్తే నేనూ ఇస్తాను" అంది. అమ్మ ఇవ్వదని దాని ధీమా. నాకూ అదే భయం. అయినా హాల్లోకి నడిచాను. అత్తయ్య ఎన్నాళ్ళకో ఒక డ్రెస్సును ఇష్టపడింది. నిన్న నా భుజం మీద చెయ్యి వేసిన మనిషి. పైగా మామయ్యకు పండగలాంటి రోజు, నేను చెడగొడుతున్నాను.

అత్తయ్య తన నీలం డ్రెస్సును హాంగరుకు తగిలించి, కిటికీ వెలుతురులో చూసుకుంటోంది. తోటికోడలు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"అత్తయ్యా, మీ డ్రెస్సు కూడా ఇవ్వండి. సెట్టు వాపసు ఇచ్చేస్తున్నాను."

"ఎందుకే? నాకు సరిగ్గా సరిపోయిందిగా."

"దీనికి సరిపోలేదు."

ఆవిడ గుమ్మం వైపు చూసింది, నా వైపు చూసింది. ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అన్నట్టు తేలిగ్గా అంది. "దానిదేముంది, కుట్టెయ్యరాదూ. నీకు వచ్చు కదా."

"వచ్చు అత్తయ్యా. కుట్టను."

డ్రెస్సు కోసం చెయ్యి చాచాను. పెద్ద తప్పేదో చేస్తున్నట్టే ఉంది. అయినా వెనక్కి తీసుకోలేదు.